కొలాబ్ షూట్: ఒప్పుకునే ముందు నుంచి ఫొటోలు చేతికొచ్చేదాకా

ఇన్‌స్టాలో "కొలాబ్ చేద్దామా అండి?" అని మెసేజ్ వచ్చిందంటే అందులో విషయం ఒక్కటే. నేను మీకు డబ్బులివ్వను, మీరూ నాకివ్వక్కర్లేదు, ఇద్దరికీ ఫొటోలు మిగులుతాయి. దీన్నే టీఎఫ్‌పీ (టైమ్ ఫర్ ప్రింట్స్) అని కూడా అంటారు. ఒకప్పుడు మోడల్ టైమ్ ఇస్తే ఫొటోగ్రాఫర్ ప్రింట్లు వేయించి ఇచ్చేవాడు, ఇప్పుడు ప్రింట్ల బదులు డ్రైవ్ లింకు వస్తోంది, అంతే తేడా. హైదరాబాద్‌లో గానీ వైజాగ్‌లో గానీ కొత్తగా కెమెరా కొన్నవాళ్లు, మోడలింగ్‌లోకి రావాలనుకునేవాళ్లు, మేకప్ కోర్సు చేసి బయటికొచ్చినవాళ్లు చాలామంది మొదలుపెట్టేది ఇక్కడే.

గొడవలు మొదలయ్యేదీ ఇక్కడే. పదివేలు ఇచ్చి షూట్ చేయించుకుంటే వంద ప్రశ్నలు అడుగుతాం. ఫ్రీ అనేసరికి మొహమాటం వచ్చేస్తుంది, "పర్లేదండి, తర్వాత చూసుకుందాం" అనేస్తాం. ఎన్ని ఫొటోలు, ఎప్పుడిస్తారు, ఎవరు ఎక్కడ వాడుకోవచ్చు, ఇవన్నీ ఆ "చూసుకుందాం" కింద పడిపోతాయి. నా ఉద్దేశంలో డబ్బులున్న షూట్ కంటే డబ్బుల్లేని షూట్‌కే ముందు మాటలు ఎక్కువ కావాలి, ఎందుకంటే తేడా వస్తే తిరిగిచ్చేయడానికి ఇక్కడ అడ్వాన్సు కూడా ఉండదు.

ముందు అది కొలాబో కాదో తేల్చుకోండి

ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. ఈ ఫొటోలతో మీ ఇద్దరూ కాకుండా ఇంకెవరికైనా వ్యాపారం జరుగుతుందా? జరుగుతుందంటే అది కొలాబ్ కాదు. బొటిక్ వాళ్లు ఆరు చీరలు పంపి "మీకు మంచి ఫొటోలొస్తాయి, మాకూ పేజీలో పెట్టుకోవడానికి పనికొస్తాయి" అంటే, అది వాళ్ల కేటలాగ్ షూట్. ఫొటోగ్రాఫర్, మోడల్, మేకప్ ఆర్టిస్ట్ ముగ్గురూ ఊరికే పనిచేసి, చీరలమ్ముకునేది మాత్రం వాళ్లు. నగల షాపు, సెలూన్, కొత్తగా తెరిచిన కేఫ్, ఎవరైనా లెక్క ఇదే. చీర ఉంచేసుకోమంటే, దాని ఖరీదు మీ రోజు కూలికి సరిపోతుందో లేదో చూసుకుని అప్పుడు ఒప్పుకోండి, అది మీ ఇష్టం. "ఎక్స్‌పోజర్ వస్తుంది" అన్న మాటతో మాత్రం కరెంటు బిల్లు కట్టలేం.

రెండో సంగతి, ఇద్దరి అవసరమూ దగ్గరగా ఉండాలి. పదేళ్ల అనుభవమున్న ఫొటోగ్రాఫర్‌కి నిన్న మొదలుపెట్టిన మోడల్ ఫొటోలతో పెద్దగా పని ఉండదు, అయినా ఆయన ఫ్రీగా తీస్తానంటున్నాడంటే ఆయనకి ఇందులో ఏం కావాలో నేరుగా అడగండి. మంచి జవాబులుంటాయి: కొత్త లైటు టెస్ట్ చేస్తున్నాను, మోనోక్రోమ్ సిరీస్ ఒకటి మొదలుపెట్టాను, ఇలాంటి ముఖం కావాలి. జవాబు తేలిపోతూ ఉంటే మీరే తప్పుకోండి.

మీ దగ్గర ఏం లేదో రాసుకోండి

కొలాబ్ అడిగే ముందు మీ పోర్ట్‌ఫోలియో, అంటే మీ పని చూపించే ఫొటోల సెట్టు, తెరిచి చూడండి. మోడల్ అయితే మొదట కావలసినవి స్టైల్ ఫొటోలు కావు, సాదా డిజిటల్స్: మేకప్ లేకుండా లేదా చాలా తక్కువగా, ఒంటికి సరిపోయే మామూలు టీషర్టు, జీన్స్, జుట్టు వెనక్కి కట్టి, ముందు నుంచి, పక్క నుంచి, నిలువెత్తుగా. కాస్టింగ్ వాళ్లు ముందు అడిగేవి ఇవే, కిటికీ వెలుతురులో ఫోన్‌తో ఇంట్లోవాళ్లు తీసినా సరిపోతాయి. వీటి కోసం ఎవరికీ డబ్బులు కట్టక్కర్లేదు. వీటి తర్వాత ఒక క్లోజప్, ఒక సంప్రదాయ దుస్తుల లుక్, ఒక క్యాజువల్, ఒకటి ఫుల్ లెంగ్త్ ఫ్యాషన్, ఈ నాలుగూ బాగా వస్తే మొదలుపెట్టడానికి చాలు. పట్టుచీర ఫొటోలు ఇప్పటికే ఇరవై ఉంటే ఇంకో పట్టుచీర కొలాబ్ వల్ల మీకొచ్చేదేం లేదు.

ఫొటోగ్రాఫర్లకీ అంతే. పెళ్లిళ్లు తీసేవాళ్ల దగ్గర నవ్వుతూ కెమెరా వైపు చూసే జంటల ఫొటోలు బోలెడుంటాయి, ఒంటరిగా ఒక మనిషిని ఫ్లాష్‌తో తీసిన ఫ్రేము ఒక్కటీ ఉండదు. ఆ ఖాళీ ఏదో అదే మీ కొలాబ్ టాపిక్.

వాకబు చేయడం

మనిషి బాగున్నారనిపిస్తే పేజీలో ఫాలోవర్ల సంఖ్య కాదు, ట్యాగ్ చేసిన ఫొటోల సెక్షన్ చూడండి. ఫొటోగ్రాఫర్ పోస్టుల్లో ఉన్న మోడళ్లలో ఇద్దరు ముగ్గురికి మెసేజ్ పెట్టి అడగండి: చెప్పిన టైమ్‌కి ఫొటోలిచ్చారా, మాట తీరు ఎలా ఉంది, మళ్లీ పిలిస్తే వెళ్తారా. మూడో ప్రశ్నకి ఎంత ఆలస్యంగా జవాబొస్తుందో చూస్తే చాలు, సగం విషయం అర్థమవుతుంది. ఫొటోగ్రాఫర్లు కూడా మోడల్ గురించి ఇలాగే అడగొచ్చు, అందులో తప్పేం లేదు. చెప్పకుండా షూట్‌కి రాకపోవడం అనే జబ్బు ఈ ఫీల్డులో బాగానే ఉంది.

కొన్ని విన్న వెంటనే ఫోన్ పెట్టేయాల్సిన మాటలున్నాయి. "పోర్ట్‌ఫోలియో చేసుకుంటేనే ఆడిషన్, దానికి ఇంత కట్టండి" అనే ఏజెన్సీ. హోటల్ గదిలో షూట్, ఒక్కరే రండి. మొదటి పరిచయంలోనే స్విమ్‌సూట్ ఫొటోలు పంపమనడం, అదీ "బాడీ షేప్ చూడాలి" అనే సాకుతో. తోడు తీసుకొస్తానంటే "ఎనర్జీ డిస్టర్బ్ అవుతుంది" అనడం. ఈ చివరిది చెప్పేవాళ్లు చాలా మర్యాదగా చెప్తారు, అయినా వద్దనే చెప్పండి.

మొదటి మెసేజ్

"హాయ్, కొలాబ్?" అన్న మెసేజ్‌కి జవాబు రాదు, రాకపోవడమే న్యాయం. ఇలా రాయండి:

"నమస్తే అండి. నేను హైదరాబాద్‌లో పోర్ట్రెయిట్స్ తీస్తుంటాను. లంగావోణీలో, పాత పెంకుటింటి అరుగు మీద, పొద్దున్న వెలుతురులో ఒక చిన్న సిరీస్ చేద్దామనుకుంటున్నాను. మీ పేజీలో ముగ్గు వేస్తున్న ఫొటో చూశాను, కెమెరా ఉందన్న స్పృహ లేకుండా ఉన్నారు, నాకు కావలసింది అదే. ఇది కొలాబ్, ఇద్దరం డబ్బులు తీసుకోం. రెండు గంటలు, రెండు డ్రెస్సులు. ఎడిట్ చేసినవి 12 ఫొటోలు మూడు వారాల్లో ఇస్తాను. మేకప్ ఆర్టిస్ట్ కూడా వస్తున్నారు. మీతో ఎవరినైనా తెచ్చుకోవచ్చు. నాతో పనిచేసిన ఇద్దరి ఐడీలు కింద పెట్టాను, కనుక్కోండి. కుదరకపోతే కుదరదని చెప్పండి, ఏమీ అనుకోను."

ఇందులో అందం గురించి ఒక్క మాట లేదు, గమనించారా? పని గురించి మెచ్చుకోండి, మనిషి రూపం గురించి వద్దు. మోడల్ వైపు నుంచి రాసేటప్పుడు ఎత్తు, ఊరు, ఏయే రోజులు ఖాళీ, ఏ తరహా ఫొటోలు కావాలి, ఏవి చేయరు, రెండు మూడు డిజిటల్స్, ఇంత పంపితే చాలు. కొలతలన్నీ మొదటి మెసేజ్‌లోనే పంపాల్సిన పనిలేదు.

మూడ్‌బోర్డ్, హద్దులు

ఒప్పుకున్నాక ఆరు నుంచి పది రిఫరెన్స్ ఫొటోలు ఒక చోట పెట్టండి, పింటరెస్ట్ బోర్డు గానీ వాట్సాప్ గ్రూపు గానీ. దీన్నే మూడ్‌బోర్డ్ అంటారు. ప్రతి ఫొటో పక్కన ఎందుకు పెట్టారో రాయండి: ఇందులో లైటు చూడండి, ఇందులో పోజు, ఇందులో రంగులు. లేకపోతే ఫొటోగ్రాఫర్ వెలుతురు కోసం పెట్టిన ఫొటో చూసి మోడల్ ఆ బ్లౌజు కోసం ఊరంతా వెతుకుతుంది. ఇది నిజంగా జరిగే విషయమే.

హద్దులు కూడా ఇక్కడే తేలిపోవాలి. స్లీవ్‌లెస్ ఓకేనా, నడుము కనిపించే చీర కట్టు ఓకేనా, నీళ్లలో షూట్ ఓకేనా, సిగరెట్ పట్టుకునే పోజు ఓకేనా. ఇంట్లో చూస్తారు కాబట్టి ఫలానావి పోస్ట్ చేయొద్దు అని చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిందేం లేదు. షూట్ రోజు మూడ్‌బోర్డులో లేనిది అడగకూడదు, ఇది ఫొటోగ్రాఫర్లకి. ముందు ఓకే అన్నది కూడా ఆ రోజు ఇబ్బందిగా అనిపిస్తే వద్దనొచ్చు, ఇది మోడళ్లకి.

ఖర్చులు ఎవరివి

ఫ్రీ షూట్‌కీ ఖర్చుంటుంది. స్టూడియో గంటల లెక్కన అద్దె, మేకప్ సామాను, అద్దె కాస్ట్యూమ్, డ్రైక్లీనింగ్, క్యాబ్, మల్లెపూలు, టిఫిన్. మామూలుగా ఐడియా ఎవరిదైతే స్టూడియో, ప్రాపర్టీ (షూట్‌లో వాడే సామాను) ఖర్చు వాళ్లది, ఎవరి ప్రయాణం వాళ్లది, టిఫిన్ ఫొటోగ్రాఫర్‌ది. ఇది చట్టం కాదు, నలుగురూ పాటించే పద్ధతి. మేకప్ ఆర్టిస్ట్ కూడా కొలాబ్‌లోనే వస్తే వాళ్లనీ మూడో భాగస్వామిగా చూడండి, వాళ్లకి ముఖం దగ్గరగా కనిపించే ఫొటోలు రెండు మూడైనా కావాలి, ఫుల్ లెంగ్త్ ఫొటోలిస్తే వాళ్ల పని అందులో కనిపించదు. చివరి నిమిషంలో మానేస్తే స్టూడియో అడ్వాన్సు ఎవరు భరించాలో కూడా ముందే అనుకోండి. ఒంట్లో బాగోకపోవడం వేరు, "నిద్ర లేవలేదు" వేరు.

కాగితం మీద పెట్టడం

అందరూ దాటేసేది ఈ భాగమే కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను. ఫ్రీ కాబట్టి అగ్రిమెంట్ చెల్లదనుకుంటారు కొందరు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో ప్రతిఫలం అంటే డబ్బే కానక్కర్లేదు, ఒకరు టైమ్ ఇస్తానని, ఇంకొకరు ఫొటోలిస్తానని మాటిచ్చుకోవడమూ ప్రతిఫలమే. మామూలు కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టుకున్నా పనికొస్తుంది.

ఇక ఫొటో ఎవరిది? 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటో తీసిన వ్యక్తే దాని కర్త, మామూలుగా మొదటి హక్కుదారూ వాళ్లే. అయితే అదే చట్టం 17వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది: ఎవరైనా ప్రతిఫలమిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు తీయించుకున్నవాళ్లది. కొలాబ్‌లో డబ్బులివ్వలేదు కాబట్టి హక్కు ఫొటోగ్రాఫర్‌దే అని సాధారణంగా అనుకుంటాం, కానీ "నా టైమే ప్రతిఫలం, నేనే తీయించుకున్నాను" అని మోడల్ వాదించడానికి సందు ఉంది. ఆ సందు మూసేయడానికి ఒక్క వాక్యం చాలు, కాపీరైట్ ఎవరిదో రాసేయండి. 2012 సవరణ తర్వాత ఫొటోలకి కూడా కాపీరైట్ ఫొటోగ్రాఫర్ జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. మీరు తీసిన లంగావోణీ ఫొటో మీ మనవళ్ల దాకా వెళ్తుందన్నమాట.

మోడల్‌కి కావలసింది కాపీరైట్ కాదు, వాడుకునే అనుమతి, అంటే లైసెన్స్. ఇక్కడ చాలామందికి తెలియని కిటుకు ఒకటుంది. లైసెన్స్‌లో ఎంతకాలమో రాయకపోతే చట్టం 5 ఏళ్లుగా లెక్కేస్తుంది, ఏ ప్రాంతమో రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. మీరు రేపు దుబాయ్‌లోనో డాలస్‌లోనో ఏజెన్సీకి పంపుకోవాలంటే "కాలపరిమితి లేకుండా, ప్రపంచమంతటా" అన్న మాటలు రాయించుకోండి.

ఫొటోగ్రాఫర్ వైపు నుంచి, కాపీరైట్ ఉంది కదా అని మోడల్ ముఖాన్ని టూత్‌పేస్ట్ ప్రకటనకి అమ్మేయడం కుదరదు. మన దేశంలో మోడల్ రిలీజ్ (తన ఫొటో వాడుకోవచ్చని మోడల్ సంతకం పెట్టే కాగితం) మీద ప్రత్యేకంగా చట్టం లేదు, కానీ ప్రైవసీ ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో పుట్టస్వామి కేసులో చెప్పింది. విదేశీ స్టాక్ సైట్లయితే, అంటే ఫొటోలు అమ్మిపెట్టే వెబ్‌సైట్లు, సంతకం పెట్టిన రిలీజ్ లేకుండా మనిషి గుర్తుపట్టేలా ఉన్న ఫొటోని వాణిజ్య వాడకానికి తీసుకోవు.

కాగితం ఇంత ఉంటే చాలు:

"ఫలానా తేదీన ఫలానా చోట తీసే ఫొటోల కాపీరైట్ ఫొటోగ్రాఫర్‌ది. ఫొటోగ్రాఫర్, మోడల్, మేకప్ ఆర్టిస్ట్ ముగ్గురూ వీటిని తమ పోర్ట్‌ఫోలియో, వెబ్‌సైట్, సోషల్ మీడియా, కాస్టింగ్, పోటీలు, ఎగ్జిబిషన్ల కోసం కాలపరిమితి లేకుండా, ప్రపంచమంతటా వాడుకోవచ్చు. అమ్మకానికీ ప్రకటనకీ స్టాక్ సైట్లకీ వాడాలంటే మిగతావాళ్ల రాతపూర్వక అనుమతి కావాలి, వచ్చిన డబ్బులో వాటా అప్పుడు మాట్లాడుకుంటాం. ఎడిట్ చేసిన 12 ఫొటోలు 21 రోజుల్లో ఇవ్వాలి. ఒరిజినల్ ఫైళ్లు ఎవరికీ ఇవ్వరు. మోడల్ వద్దన్న ఫ్రేములు ఎక్కడా బయటపెట్టకూడదు. ఎడిట్ చేసిన ఫొటో మీద మళ్లీ ఫిల్టర్లు వేయకూడదు. ఏఐ టూల్స్‌తో ముఖం, శరీరం, దుస్తులు మార్చకూడదు, ఏఐ శిక్షణకి ఇవ్వకూడదు."

కింద పూర్తి పేర్లు, సంతకాలు, తేదీ. సంతకం కుదరకపోతే ఇదంతా వాట్సాప్‌లో పంపి "ఒప్పుకుంటున్నాను" అని జవాబు తీసుకోండి, ఆ చాట్ డిలీట్ చేయకండి. మెసేజులు కూడా కోర్టులో సాక్ష్యంగా పెట్టొచ్చు, దానికి కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. డిసప్పియరింగ్ మెసేజులు మాత్రం ఆఫ్ చేసుకోండి, తీరా అవసరమైనప్పుడు చాటే ఉండదు.

మోడల్‌కి 18 ఏళ్లు నిండకపోతే ఆమె సంతకానికి విలువ లేదు, మైనర్ చేసుకున్న కాంట్రాక్టు చెల్లదు. అమ్మానాన్నల్లో ఒకరు సంతకం పెట్టాలి, షూట్ అయ్యేదాకా పక్కనే ఉండాలి. ఇంటర్ చదివే పిల్లల విషయంలో "చూడ్డానికి పెద్దగానే ఉంది" అన్నమాట పనికిరాదు, పుట్టిన తేదీ ఉన్న గుర్తింపు కార్డు చూడండి. ఆ వయసువాళ్లతో గ్లామర్ షూట్ ఆలోచనే వద్దు, అసభ్యంగా చిత్రిస్తే పోక్సో చట్టం ఉంది, పెద్దవాళ్లు ఒప్పుకున్నారన్న మాట అక్కడ మిమ్మల్ని కాపాడదు.

లొకేషన్, టైమ్

చార్మినార్, గోల్కొండ కేంద్ర పురావస్తు శాఖ చేతిలో ఉన్నాయి. కెమెరా మెడలో వేసుకుని తిరగడం వేరు, ట్రైపాడ్, లైట్లు, బట్టలు మార్చుకోవడం అంటే వేరు, దానికి ముందు అనుమతి కావాలి. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద బండి ఆపి ఫొటోలు దిగితే పోలీసులు పంపించేస్తారు, మీ మేకప్ గంటన్నర కష్టం ఐదు నిమిషాల్లో వేస్టు. మెట్రో స్టేషన్లు, మాల్స్ కూడా అడగకుండా వద్దు. మొదటి రెండు మూడు కొలాబ్‌లకి తెలిసినవాళ్ల మేడ, పాత ఇల్లు, నలుగురు తిరిగే పార్కు, గంటకి అద్దెకిచ్చే స్టూడియో, ఇవే మేలు. బట్టలు మార్చుకునే చోటు, బాత్రూమ్ ఎక్కడున్నాయో ముందే చూసి ఉంచడం ఫొటోగ్రాఫర్ పని, ఇది చాలామంది మగ ఫొటోగ్రాఫర్లకి తట్టనే తట్టదు.

టైమ్ విషయానికొస్తే, హైదరాబాద్‌లో డిసెంబర్‌లో సూర్యుడు ఆరున్నర దాటాక గానీ రాడు, మే నెలలో ఆరుకి ముందే వచ్చేస్తాడు, ఎనిమిదయ్యేసరికి వెలుతురు గట్టిపడిపోతుంది. వైజాగ్ ఆర్కే బీచ్‌లో సముద్రం తూర్పున ఉంది కాబట్టి పొద్దున్నే సముద్రం బ్యాక్‌గ్రౌండ్ పెడితే ఎదురు వెలుగు, ముఖం నల్లగా వస్తుంది, వెలుతురుని ముఖం మీదికి మళ్లించే రిఫ్లెక్టర్ కావాలి. సాయంత్రం అయితే ఎండ ఊరి వైపు నుంచి ముఖం మీద పడుతుంది, కానీ బిల్డింగుల నీడ త్వరగా ఇసుక మీదికొచ్చేస్తుంది, టైమ్ తక్కువ. మేకప్‌కి గంటన్నర పడుతుందంటే ఆరింటి షూట్‌కి మోడల్ నాలుగున్నరకి కుర్చీలో ఉండాలి. ఆ వేళకి ఎలా వస్తారు, ఎవరు దింపుతారు అన్నది కూడా ప్లాన్‌లో భాగమే.

షూట్ రోజు

మోడల్ ఇంట్లోవాళ్లకి లొకేషన్, ఫొటోగ్రాఫర్ పూర్తి పేరు, ఫోన్ నంబర్, అయ్యే టైమ్ పంపి, వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ ఆన్ చేసుకోవాలి. తోడొచ్చినవాళ్లు ఊరికే కూర్చోకుండా రిఫ్లెక్టర్ పట్టుకుంటే అందరికీ పని తేలిక, వాళ్లకీ బోర్ కొట్టదు. షూట్ తెరవెనక సంగతులు (బీటీఎస్) ఫోన్లో వీడియోలు తీసేవాళ్లుంటే వాళ్లేం తీస్తున్నారో, ఎక్కడ పెడతారో అడగండి.

షట్టర్ నొక్కే ముందు ఫొటోగ్రాఫర్ కళ్లు ముఖం మీద కాకుండా అంచుల మీద ఉండాలి. కుచ్చిళ్ల దగ్గర పిన్ను మెరుస్తోందా, ఫాల్ కుట్టు కిందికి వేలాడుతోందా, బ్లౌజు భుజం దగ్గర స్ట్రాప్ బయటికొచ్చిందా, చేతికి రబ్బర్ బ్యాండ్ ఉండిపోయిందా, కొత్త డ్రెస్సుకి ట్యాగు ఉందా, జేబులో ఫోన్ ఉబ్బెత్తుగా కనిపిస్తోందా. ఇవన్నీ తర్వాత ఫొటోషాప్‌లో తీసేయొచ్చు, కానీ ముప్పై ఫ్రేముల్లో అదే పిన్ను తీసేటప్పుడు తెలుస్తుంది దాని విలువ. సరిచేయాల్సి వస్తే నోటితో చెప్పండి: "ఎడమ భుజం మీద కొంగు కొంచెం పైకి జరపండి." చేత్తో ముట్టుకోకండి. మేకప్ ఆర్టిస్ట్ ఉంటే ఆ పని వాళ్లది. మోడల్ పోజు అర్థం కాకపోతే మీరే చేసి చూపించండి, నవ్వొచ్చినా పర్లేదు, నవ్వితే ముఖం వదులవుతుంది.

అరగంటకోసారి కెమెరా వెనక స్క్రీన్ మీద నాలుగు ఫ్రేములు చూపించండి. మోడల్‌కి తను ఎలా వస్తోందో తెలిస్తే తర్వాతి గంట వేరేగా ఉంటుంది, పైగా ఏ ఫ్రేము ఇబ్బందిగా ఉందో అక్కడే చెప్పి డిలీట్ చేయించొచ్చు. నీళ్లు తాగడానికి ఆపండి. చెప్పిన రెండు గంటలు అయిపోతే "ఇంకో పావుగంట ఉండగలరా?" అని అడగండి, ఉండిపోతారనుకోకండి.

ఎంపిక, ఎడిటింగ్, డెలివరీ

రెండు గంటల షూట్‌లో మూడు నాలుగు వందల ఫ్రేములు వస్తే మామూలే. మోడళ్లు అన్నీ కావాలంటారు, ఇవ్వకండి. మోడళ్లు కూడా అడగకండి, ఎడిట్ చేయని ఫైలు అంటే ఉడకని అన్నం. ఫొటోగ్రాఫర్ ముందు ఓ నలభై ఏరి, వాటర్‌మార్క్ వేసి చిన్న సైజులో పంపితే, మోడల్ ఆరు, మేకప్ ఆర్టిస్ట్ రెండు, మిగతావి ఫొటోగ్రాఫర్ ఎంచుకోవడం నేను చూసినవాటిలో గొడవలేని పద్ధతి. "ఇది ఎక్కడా వద్దు" అని కొట్టేసే హక్కు మోడల్‌కి ఉండాలి. కళ్లు సగం మూతబడ్డ ఫొటో ఫొటోగ్రాఫర్‌కి కళాత్మకంగా అనిపించొచ్చు, ఆ ముఖం మాత్రం తనది కాదు కదా.

రీటచ్ గురించి నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. మొటిమ తీయండి, కంటి కింద నీడ తగ్గించండి, చామనఛాయ మనిషిని తెల్లగా మాత్రం మార్చకండి. మన దగ్గర ఇది అడక్కుండానే చేసేస్తారు, మేలు చేశామనుకుంటారు కూడా. కాస్టింగ్‌కి వెళ్తే ఫొటోలో ఒక మనిషి, ఎదురుగా ఇంకో మనిషి అవుతుంది, ఆ ఫొటో ఎందుకూ పనికిరాదు. నడుము సన్నం చేయడమూ అంతే.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే క్వాలిటీ పోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి లేదా డ్రైవ్ లింకు ఇవ్వండి. రెండు సెట్లు: ప్రింటుకి ఫుల్ సైజు, ఇన్‌స్టాకి 1080 బై 1350. లింకు ఎప్పటిదాకా ఉంటుందో చెప్పండి, మోడల్ ఆ రోజే డౌన్‌లోడ్ చేసుకుని ఇంకో చోట కూడా కాపీ పెట్టుకోవాలి. మూడు వారాలన్నారు, పెళ్లిళ్ల సీజన్ వచ్చి కుదరలేదు, అయితే పద్దెనిమిదో రోజే మెసేజ్ పెట్టి కొత్త తేదీ చెప్పండి. ఆలస్యం కంటే మెసేజ్ చూసి జవాబివ్వకపోవడమే ఎక్కువ మండిస్తుంది.

పోస్ట్ చేయడం

క్రెడిట్ అంటే మొదటి లైన్లోనే, ఫొటోగ్రాఫర్, మోడల్, మేకప్, కాస్ట్యూమ్, అందరి ఐడీలూ. హ్యాష్‌ట్యాగుల గుంపు కింద దాచడం క్రెడిట్ కాదు. ఇన్‌స్టాలో 2021లో వచ్చిన కొలాబ్ పోస్ట్ ఆప్షన్ వాడితే అదే పోస్టు ఇద్దరి పేజీల్లోనూ కనిపిస్తుంది, లైకులు కామెంట్లు ఒకే చోట పడతాయి. కాకపోతే మొదట పెట్టినవాళ్లు డిలీట్ చేస్తే ఇద్దరి దగ్గరా పోతుంది, కాబట్టి మీకు బాగా ముఖ్యమైన ఫొటో విడిగా కూడా మీ పేజీలో ఉంచుకోండి. ఎవరు ముందు పెట్టాలి, ఏ తేదీ తర్వాత పెట్టాలి, అన్నది పత్రికకో పోటీకో పంపే ఉద్దేశముంటే తప్పకుండా మాట్లాడుకోవాలి, కొన్ని చోట్ల ముందే ఆన్‌లైన్లో వచ్చిన ఫొటో తీసుకోరు. ఫొటో కింద వచ్చే చెత్త కామెంట్లు తీసేయడం పోస్ట్ చేసినవాళ్ల పని.

తేడా వస్తే

ఫొటోలు ఇవ్వకపోతే ముందు మర్యాదగా, తేదీతో సహా గుర్తుచేయండి, తర్వాత అగ్రిమెంట్ ఫొటో జతచేసి ఇంకోసారి. స్టోరీలో పేరు పెట్టి తిట్టడం ఆఖరి అస్త్రం కూడా కాదు, పరువునష్టం కేసు మీ మీదికే రావొచ్చు. మీ ఫొటో అనుమతి లేకుండా ఏ షాపు బ్యానర్ మీదో కనిపిస్తే స్క్రీన్‌షాట్, లింకు, తేదీ దాచుకుని లీగల్ నోటీసు పంపించొచ్చు.

ప్రైవేటు ఫొటోలతో బెదిరించడం, మార్ఫింగ్ చేయడం, అనుమతి లేని చోట పెట్టడం, ఇవి మాత్రం కొలాబ్ గొడవలు కావు, నేరాలు. లోదుస్తుల్లో ఉన్నవి, అంతకంటే ప్రైవేటువి, ఆ అమ్మాయి తీయడానికి ఒప్పుకున్నా సరే, వేరేవాళ్లకి పంపడానికి ఒప్పుకోకపోతే పంపడం నేరమని భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. ఇలాంటి వాటి మీద బాధితులు ఫిర్యాదు చేస్తే సోషల్ మీడియా కంపెనీ తీసేయాల్సిందేనని 2021 నాటి ఐటీ నియమాల్లోనే 24 గంటల గడువు పెట్టారు. నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు, మహిళలు, పిల్లలకి సంబంధించిన ఇలాంటి ఫిర్యాదులు పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు. 181 మహిళల హెల్ప్‌లైన్, ఆపదలో 112. తెలంగాణలో మహిళల భద్రత కోసం 2014 నుంచి పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి. బెదిరించేవాడికి డబ్బు పంపకండి, చాట్ డిలీట్ చేయకండి.

డబ్బులు అడగడం ఎప్పుడు

కొత్త షూట్ వల్ల మీ పోర్ట్‌ఫోలియోలో పాత ఫొటో ఒక్కటి కూడా పక్కకి జరగకపోతే ఇక ఆ రకం కొలాబ్ ఆపేయొచ్చు. అలాగని పూర్తిగా మానేయక్కర్లేదు, ఏళ్ల తరబడి పనిచేస్తున్నవాళ్లు కూడా కొత్తదేదో చేయాలనిపించినప్పుడు కొలాబే చేస్తారు. మొన్నటిదాకా ఫ్రీగా చేసినవాళ్లు మళ్లీ పిలిస్తే ఇలా రాయండి: "పిలిచినందుకు థ్యాంక్స్ అండి. ఈ నెల నుంచి నేను పెయిడ్ షూట్లే చేస్తున్నాను. సగం రోజుకి నా ఛార్జీ ఇంత, ప్రయాణం వేరే. మీ సొంత సిరీస్ ఏదైనా కొత్తది ప్లాన్ చేస్తుంటే చెప్పండి, అది నాకూ పనికొస్తుందనిపిస్తే కొలాబ్‌కి రెడీ." ఛార్జీ దగ్గర అంకె తప్పకుండా వేయండి, "మీకు తోచినంత" అని రాయకండి.